నీళ్ళు నిండుకున్నాయి

మా నీలంపేట పురపాలక సంఘంలో ఈ వేసవి నుంచి "లేదు" అన్న మాట రద్దయింది. దాని వెనకే "లేవు", "రాదు", "ఖాళీ", "అయిపోయింది", "చెడిపోయింది" కూడా జాబితాకెక్కాయి. ఇది నేను ఇంట్లో, ఆదివారం పూట, తలుపు వేసుకుని రాస్తున్నాను కనుక ఆ మాటలు అక్కడక్కడా వాడుకుంటాను. ఆఫీసులో అయితే ఈపాటికి మెమో వచ్చి ఉండేది.

రద్దుకి మూలం ఒక శిక్షణా శిబిరం. హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. ఆయన శాస్త్రం పేరు అంచనాల శాస్త్రం. బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టి, ఒకదాని ముందు "హిమాలయ జలం" అనీ, రెండోదాని ముందు "కుళాయి నీళ్ళు" అనీ చీటీలు ఆనించాడు. సిబ్బంది అంతా వరుసలో వచ్చి రెండూ రుచి చూశాం. మొదటిది తియ్యగా ఉందనీ, గొంతు దిగుతుంటే ఒళ్ళు జలదరించిందనీ అందరం ఒప్పుకున్నాం. టౌన్ ప్లానింగ్ ఆయన రెండో గ్లాసు తాగి కాసేపు దగ్గాడు కూడా. అప్పుడు నిపుణుడు నవ్వి, రెండూ ఒకే బకెట్లో ముంచినవని బయటపెట్టాడు.

"మనిషి వస్తువుని అనుభవించడు. తన అంచనానే అనుభవిస్తాడు" అన్నాడు.

మమ్మల్ని ఇంత సులువుగా బోల్తా కొట్టించవచ్చునా అని నేను సిగ్గుపడ్డాను. మా కమిషనర్ త్రిలోచన్ గారు మాత్రం సిగ్గుపడలేదు. నీళ్ళు సరఫరా చెయ్యడం కన్నా అంచనాలు సరఫరా చెయ్యడం తేలిక అని ఆయన ఆ క్షణంలోనే గ్రహించారు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది.

"ప్రజానీకమునందు ప్రతికూల అంచనాలు ఉత్పన్నమగుటకు కార్యాలయ సిబ్బంది యొక్క ప్రతికూల పదప్రయోగమే మూలకారణమని గుర్తించడమైనది. కావున ఇకమీదట సిబ్బంది యావన్మందీ శుభకరమైన పదజాలమును మాత్రమే ఉపయోగించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది."

త్రిలోచన్ గారు చెడ్డవారు కాదు. వయసులో చిన్న, పనిలో చురుకు. చిన్నప్పట్నుంచీ ఎక్కడో చల్లని ఊళ్ళో హాస్టల్లో చదువుకున్నారు. తెలుగు పరీక్ష కోసం నేర్చుకున్నారు కాబట్టి "ఇందుమూలముగా" వరకూ బాగా వచ్చు. వంటింట్లో మాట్లాడే తెలుగు మాత్రం పరీక్షకి రాదు కదా.

సరే, "లేదు" అనకూడదు. మరేమనాలి? ఎమ్మే తెలుగు చదివిన సీనియర్ అసిస్టెంటు ఆఫీసు మొత్తానికి నేనొక్కణ్ణే. పేడాడ లింగరాజుకి, అంటే నాకు, పరిభాషాధికారిగా అదనపు బాధ్యత అప్పగించారు. నేను ఎక్కువ ఆలోచించలేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఈ పని ఏనాటినుంచో చేస్తున్నారు. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే మా అమ్మ "అయిపోయాయి" అనేది కాదు, అంటే అన్నంతా అవుతుందని భయం. "బియ్యం నిండుకున్నాయి" అనేది. దీపం ఆరిపోతే "కొండెక్కింది". గాజు చిట్లినా, మెళ్ళో తాడు తెగినా "పెరిగింది". ఎవరైనా పోతుంటే "వెళ్ళిరండి". ఇవన్నీ వరుసగా రాసి "శుభ పరిభాష" అని పేరు పెట్టి ఇచ్చాను. కమిషనర్ గారు చదివి ముచ్చటపడ్డారు. ఇన్ని శుభాలు మన భాషలో ఉన్నాయని తనకిన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదన్నారు. అర్థాలు రాయలేదేమని మాత్రం అడగలేదు. అర్థాలు రాయాలంటే నిషేధించిన మాటలు వాడాలి కనుక నేనూ రాయలేదు.

మొదట ఫలితాలు బాగానే వచ్చాయి. వీధిదీపాలు కొండెక్కాయని విద్యుత్ విభాగం నివేదించింది.

"మన ఊరికి కొండ ఎక్కడుంది?" అని కమిషనర్ గారు అడిగారు.

"ఊరవతల ఉంది సార్" అన్నాడు విద్యుత్ ఇంజనీరు.

"అంత దూరం ఎవరు ఎక్కించారు?"

"వాటంతట అవే ఎక్కాయి సార్."

"బాగుంది. కూలీల ఖర్చు కలిసొచ్చింది."

అదే వారంలో కోటవీధిలో మెయిన్ పైపు పెరిగింది. ఎస్టిమేటు వెయ్యకుండా, రోడ్డు తవ్వకుండా పైపులైను పెరగడం పురపాలక చరిత్రలో మొదటిసారని కమిషనర్ గారు సమావేశంలో చెప్పి, నీటి సరఫరా ఇంజనీరుని లేపి నిలబెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఇంజనీరుకి కోటవీధిలో మోకాలి లోతు బురదలో నడిచిన చెప్పులు ఇంకా ఆరలేదు. అయినా నిలబడ్డాడు.

ఆ తరవాత ఏటి ఒడ్డున నీళ్ళు తోడే మోటారు కాలిపోయింది.

ఫిట్టర్ గవరయ్య మసి చేతులతో పరిగెత్తుకొచ్చి, గుమ్మంలోనే "సార్, మోటారు కాలి..." అనబోతే అటెండరు అతని నోరు మూశాడు. గవరయ్య నా బల్ల దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"ఏటనమంతావు బావూ? పరిబాసలో మోటారుకేటుంది?"

పరిభాషలో మోటారుకేమీ లేదు. మా అమ్మ ఇంట్లో మోటారు ఉండేది కాదు. ఆలోచించి, "విశ్రమించింది అను" అన్నాను. గవరయ్య వెళ్ళి అలాగే అన్నాడు. కమిషనర్ గారికి జాలేసింది. పాపం రాత్రింబవళ్ళు తిరుగుతుంది, విశ్రమించనివ్వండి అన్నారు. కొత్త మోటారుకి ఫైలు పెడదామంటే, పాతది చెడిపోయిందని రాయాలి. రాయకూడదు. ఆ విధంగా ఫైలు పుట్టలేదు, ట్యాంకులో నీళ్ళు అడుగంటాయి, గవరయ్య రోజూ పొద్దున్నే రిపోర్టు పెట్టడం మొదలుపెట్టాడు: "ట్యాంకులో నీళ్ళు నిండుకున్నాయి."

కమిషనర్ గారు నన్ను పిలిపించారు. మొహం వెలిగిపోతోంది.

"చూశారా లింగరాజు గారూ, మోటారు విశ్రాంతిలో ఉన్నా నీళ్ళు నిండుకుంటూనే ఉన్నాయి. ఒక్క మాట మార్చినందుకు ఎంత మార్పు."

"సార్, నిండుకున్నాయి అంటే..."

"అంటే?"

నేను జేబులోంచి నిషేధించిన మాటల జాబితా తీసి చూసుకున్నాను. నాకు కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి.

"అంటే, మునుపు ఉండేవి సార్."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నిండుకున్నాయి."

"నేనూ అదేగా అంటున్నాను."

"తమరు ఒక్కసారి ఊళ్ళో ఏదైనా కుళాయి తిప్పి చూస్తే..."

"నమ్మకమున్నవాడు తిప్పి చూడడు లింగరాజు గారూ. తిప్పి చూడడమే ప్రతికూల అంచనా." ఆయన బంగళాలో సొంత బోరు ఉంది. నమ్మకానికి అది చాలా దన్ను.

ఇక్కడ వరహాలమ్మ గురించి చెప్పాలి. మా ఆఫీసుకి ఎదురుగా రేకుల పాకలో ఆవిడ టిఫిన్ హోటలు. మనిషిని పెట్టుకోదు, పిండి తనే రుబ్బుతుంది, తనే వండి వడ్డిస్తుంది. మా ఆవిడా పిల్లలూ వేరే ఊళ్ళో ఉంటారు కనుక పొద్దున ఇడ్లీ, రాత్రి చపాతీ నాకు ఆవిడ చేతి మీదుగానే. ఇక్కడ అక్కని పిలిచినట్టు నేను "అప్పా" అని పిలుస్తాను. ఆఫీసులో ఎవరు ఏ సంతకానికి ఎంత ఆలస్యం చేస్తారో ఆవిడకి తెలుసు గానీ ఎవరినీ ఏమీ అడగదు. అలాంటి మనిషి ఒకనాడు కొంగు బిగించుకుని మా ఫిర్యాదుల కిటికీ దగ్గరికి వచ్చింది. అప్పటికి దాని మీద బోర్డు మార్చి "ఆకాంక్షల విభాగం" అని రాశారు.

"నీలు నేవు" అంది.

కిటికీలో గుమాస్తా జాబితా తీసి వెతికాడు. "లేవు" ఉంది. "నేవు" లేదు. నిషేధించని మాటతో వచ్చిన ఆకాంక్షని తోసిపుచ్చే అధికారం అతనికి లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి పైకి పంపాడు. కమిషనర్ గారు మళ్ళీ నన్ను పిలిచారు.

"నేవు అంటే ఏమిటి?"

"ఇక్కడి మాట సార్."

"సానుకూలమా?"

"చాలా గట్టి మాట సార్."

"అయితే ప్రశంసల కింద నమోదు చేయించండి" అన్నారు.

ఇంకో రెండు రోజులు వరహాలమ్మ ఎక్కడో చేలల్లోని బోరు దగ్గర్నుంచి రిక్షా మీద బిందెలు తెప్పించుకుంది. ఆ బోరు వాళ్ళూ ఇక ఇవ్వలేమన్నారు. అప్పుడు పొయ్యి ఆర్పేసి, పలక మీద సుద్దముక్కతో రాసి పాక ముందు వేలాడదీసింది: "నీలు నేవు. ఇడ్లీ నేదు."

ఆ పలకలో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా శానిటరీ ఇన్‌స్పెక్టర్ నోటీసు ఇచ్చాడు. "నగరమునందు జలసమృద్ధి నెలకొనియున్న తరుణమున, తమ హోటలును అకారణముగా మూసివేసి ప్రజల అంచనాలకు విఘాతము కలిగించినందున, తమ లైసెన్సును ఎందుకు వెళ్ళిరమ్మనవలెనో వారం దినములలోపు తెలియజేయవలెను." రద్దు అన్న మాట కూడా అప్పటికి జాబితాకెక్కింది కనుక "వెళ్ళిరమ్మనవలెనో" అని నేనే దిద్దిచ్చాను. అది ఎవరికి వెళ్ళే నోటీసో నాకు చూపించలేదు.

సాయంత్రం వరహాలమ్మ ఆ కాగితం పట్టుకుని నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇదేటి బావూ, నైసెన్సు ఎల్లొత్తాదంట. ఎల్లినాక మరొత్తాదా?"

నేను అటూ ఇటూ చూసి, "రాదు అప్పా" అన్నాను.

ఆవిడ మెట్టు మీద కూర్చుంది. "ఈ పొయ్యి ఆరిపోతే నానేటి సేసేది బావూ. మా సెల్లి ఇంటికాడ సేరాల. సేరితే ఆలు తిండెడతారు, కాదన్ను. ఇన్నాల్లూ నా సేత్తో నలుగురికీ ఎట్టి బతికినాను. ఇప్పుడు ఒకలింట్లో అడిగి తినాలంతే..." అని ఆపేసింది.

ఆ నోటీసులో నా అక్షరాలున్నాయి. ఏదైనా చేస్తానని ఆవిడకి చెప్పాను గానీ, ఏం చెయ్యాలన్నా ముందు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాలి. మా ఆఫీసులో చెప్పకూడనిది అదొక్కటే.

ఇంతలో మా రిపోర్టులు పై ఆఫీసుకి వెళ్ళాయి. "నిండుకున్నాయి" అనేది మోటుగా ఉందని అక్కడెవరో దాన్ని "పూర్తిగా నిండినవి" అని శుభ్రం చేశారు. జిల్లాలో ఊళ్ళన్నీ ఎండిపోతుంటే నడివేసవిలో ఒక్క నీలంపేట ట్యాంకు మాత్రం రోజూ నిండుగా ఉండడం మంత్రిగారి దృష్టికి వెళ్ళింది. స్వయంగా వచ్చి జలహారతి ఇస్తామని కబురు చేశారు.

ఆఫీసుకి కొత్త సున్నం వేశారు. అతిథులకి భోజనం ఎవరు వండుతారన్న ప్రశ్న వచ్చింది. పెద్ద హోటళ్ళ వాళ్ళు వేరే ఊళ్ళో పనులున్నాయని మర్యాదగా తప్పుకున్నారు. కమిషనర్ గారు వరహాలమ్మను పిలిపించారు. నేను పక్కనే ఉన్నాను.

"భోజనం బాగుంటే మీ నోటీసు వెనక్కి తీసుకునే అంశాన్ని సానుకూలంగా పరిశీలిస్తామమ్మా."

"ఒండడానికి నీలో బావూ?"

"నీళ్ళు నిండుకున్నాయి కదమ్మా."

వరహాలమ్మ ఆయన మొహంలోకి చూసింది. తరవాత నా మొహంలోకి చూసింది.

"ఆ సంగతి తమకీ తెలుసా?"

"రోజూ రిపోర్టు చూస్తున్నానమ్మా."

"తెలిసే ఒండమంతన్నారా?"

"తెలిసే అంటున్నాను."

"అయితే సరే బావూ" అని నమస్కారం పెట్టి వెళ్ళింది. కమిషనర్ గారు, ఈవిడలో మంచి సానుకూలత ఉందన్నారు.

మంత్రిగారు వచ్చారు. మా పక్క పల్లెటూళ్ళోంచి ఎదిగిన పెద్దమనిషి, పంచెకట్టు. ట్యాంకు కింద షామియానాలో కమిషనర్ గారు "జలసమృద్ధి", "అంచనాల నిర్వహణ" అంటూ కాగితం చూసి ప్రసంగించారు. పురోహితుడు తన సంచీలోంచి నీళ్ళ సీసా తీసుకుని సంప్రోక్షణ చేశాడు. మంత్రిగారు వాల్వు తిప్పారు. పైపులోంచి బుస్సుమని గాలి వచ్చి ఆయన కండువా ఎగిరింది.

"ప్రెషర్ ఎక్కువ సార్. ముందు గాలి వస్తుంది" అన్నారు కమిషనర్ గారు, మనస్ఫూర్తిగా నమ్మి. గవరయ్య నా వెనక దాక్కున్నాడు. మంత్రిగారికి ఎండ దెబ్బకి ఆకలి ముదిరింది. తరవాత చూద్దాం, భోజనాలకి పదండన్నారు.

మీటింగు హాల్లో చాపలు పరిచి అరిటాకులు వేశారు. మంత్రిగారు కూర్చున్నారు, పక్కన కమిషనర్ గారు, వరసగా మేమందరం. ఎంతసేపటికీ ఎవరూ ఏమీ తేలేదు. వరహాలమ్మ మాత్రం ఉతికిన చీర కట్టుకుని ఖాళీ చేతులతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏటమ్మా, ఆకులేసి కూకోబెట్టినావు, ఒడ్డించవేటి?" అన్నారు మంత్రిగారు.

"ఏటి ఒడ్డించమంతారు బావూ. అన్నం నిండుకుంది. పప్పు నిండుకుంది. సారు నిండుకుంది."

కమిషనర్ గారు సంతోషంగా ముందుకి వంగారు. "విన్నారా సార్, అన్నీ నిండుకున్నాయి. మా ఊళ్ళో ఏది చూసినా ఇంతే."

మంత్రిగారు ఆయన్ని పట్టించుకోలేదు. "అంటే ఒండనేదా?"

"ఒండడానికి నీలు నిండుకున్నాయి గదా బావూ. కమిసనరు బావుకీ సెప్పినాను. తెలుసన్నారు."

మంత్రిగారు మెల్లగా పక్కకి తిరిగారు.

"ట్యాంకులో నీళ్ళో?"

"నిండుకున్నాయి సార్."

"ఎప్పట్నుంచి?"

"వేసవి మొదట్నుంచీ సార్. ఇలాంటి ఊరు రాష్ట్రంలో ఇంకొకటి ఉండదు."

మంత్రిగారు ఖాళీ ఆకు వంక చూశారు.

"మా అమ్మా ఈ మాటే అనేది" అన్నారు. "బియ్యం నిండుకున్నాయిరా అనేది. ఆ పూట మాకు పస్తు."

కమిషనర్ గారి మొహంలో మొదటిసారి ఒక సందేహం కనిపించింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం నాకు ఆయన మీద కూడా జాలి కలిగింది. ఆ మాట అనే అమ్మ దగ్గర ఆయన్ని ఎవరూ పెరగనివ్వలేదు.

మంత్రిగారు గవరయ్య చేత మోటారు సంగతి చెప్పించుకుని, లేస్తూ రెండు మాటలు చెప్పారు. మోటారు వెంటనే రావాలి, ఈవిడ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. మోటారు వచ్చింది. దాంతోపాటు పై ఆఫీసు నుంచి సర్క్యులరు కూడా వచ్చింది. "ఇకమీదట 'నిండు' అను ధాతువుతో కూడిన సమస్త పదములను శూన్యార్థకములుగా పరిగణించవలెను." ట్యాంకు నిజంగా నిండిన రోజున గవరయ్య ఆనందం పట్టలేక "నిండింది" అని రిపోర్టు పెట్టాడు. మర్నాటికల్లా కరువు సాయం కింద పక్క జిల్లా నుంచి నీళ్ళ ట్యాంకర్లు బారులు తీరాయి. వాటిని ఎక్కడ గుమ్మరించాలో తెలీక వచ్చిన దారినే పంపించాం.

నీళ్ళు వదిలే పొద్దున ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటించాం. "ప్రియమైన పౌరులారా, కుళాయిలలో నీళ్ళు వచ్చుచున్నవి." ఒక్క తలుపు తెరుచుకోలేదు. వేసవంతా ఇదే ఆటో, ఇదే గొంతు, జలసమృద్ధి నెలకొన్నదని ఊదరగొట్టి ఉంది. వీధి కుళాయిల్లోంచి నీళ్ళు ధారగా మురిక్కాలవలోకి పోతున్నాయి, పట్టుకునే బిందె లేదు. ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ, మళ్ళీ గాలొస్తోందన్నాడు.

నేను వరహాలమ్మ పాకలోకి పరిగెత్తాను. ఆవిడ రుబ్బురోలు పొత్రాన్ని గోనెసంచీలో పెట్టి తాడు కడుతోంది. గిన్నెలు మూట కట్టేసి ఉన్నాయి.

"అప్పా, ఎక్కడికి? నోటీసు లేదుగా. మంత్రిగారు చెప్పారుగా."

"మాటలకేటి బావూ. మాటలు మీకాడ సేనా ఉన్నాయి."

"నీళ్ళొచ్చాయి అప్పా."

తాడు ముడి వేస్తూనే అడిగింది. "ఇయ్యి నిజం నీలా, ఆపీసు నీలా?"

బయటికి వెళ్ళి కుళాయి కింద మోచేతిదాకా చెయ్యి పెట్టి, తడిసిన చొక్కా చేతితో వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను. ఆవిడ చొక్కా కొస పట్టుకుని పిండింది. చుక్కలు మట్టి నేల మీద పడి ఇంకిపోతుంటే వంగి చూసింది. లేచి బయటికి నడిచి, కుళాయి కింద దోసిలి పట్టి మొహం కడుక్కుంది, ఒక గుక్క తాగింది. తరవాత నడివీధిలో నిలబడి కేకేసింది.

"ఓలమ్మా, నీలొచ్చినాయర్రా."

వీధిలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, డబ్బాలు, ఏది చేతికందితే అది పట్టుకుని జనం పరిగెత్తుకొచ్చారు. మైకు ఆటో వాళ్ళ మధ్య ఇరుక్కుని, ఇంకా "వచ్చుచున్నవి" అంటూనే ఉంది. వరహాలమ్మ మొదటి బిందె నింపి నడుం మీద పెట్టుకుని, పాకలోకి వెళుతూ, "పొత్రం కట్లిప్పు బావూ, రేపటికి పప్పు నానబొయ్యాల" అంది. తాడు ముడి బాగా బిగించింది, విప్పడానికి నా గోళ్ళు నొప్పెట్టాయి.

మధ్యాహ్నం పత్రికలకి ప్రకటన రాసిచ్చాను. మైకు ప్రచారానికి ప్రజల నుంచి అపూర్వ స్పందన లభించిందని అందులో ఉంది. కమిషనర్ గారు చదివి, ఎర్ర సిరాతో "అపూర్వ"లో "అ" కొట్టేశారు. వ్యతిరేకార్థం వస్తోందట.